మన దేహమందలి నూలుగింజలు

(సంఘ వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన ఉపన్యాసము)



వైద్యుడు మాట్లాడవలసిన విషయమును గూర్చి, శబ్దమంజరి చెప్పుకొని బ్రదికిన పంతులు మాట్లాడుటకు లేచుట సాహసమే. ఆహ్వానసంఘమువారు నాకు మొదట నిర్ణయించిన విషయము మన పూర్వుల కళావైభవము. దానిని మార్పించుకొన్నవాడను నేనే. పూర్వుల వైభవమును మనము ప్రతివర్షమును విని సంతోషించుచునే యున్నాము. ఇంతలో ముందువరుసలందు కూర్చుండు పెద్దలు ఒకరొకరుగా నడువలేనివారగుచున్నారు. నిన్న పతాకావందనమునకు మేడ యెక్కునప్పుడు మనలో నెందరు గోడ పట్టుకొనిరో నేను చూచితిని. తప్పు పట్టుటకు చెప్పలేదు. నేనును అట్లు పట్టుకొన్నవాడనే.

2018వ సంవత్సరమున నేను ఉద్యోగము విరమించితిని. ఆనాడు పూర్వవిద్యార్థులు నాకు శాలువ కప్పి, ఒక పడకకుర్చీని బహూకరించిరి. వారి భక్తికి లోపము లేదు గాని, ఆ కుర్చీయే నాకు శత్రువైనది. మంచినీళ్లు, వార్తాపత్రిక, కాఫీ అన్నియు నేనున్నచోటికే వచ్చెడివి. లేవబోయినచో కోడలు "మీరు లేవకండి మామయ్యగారూ, నేను తెస్తాను" అనెడిది. పెద్దలను కదలనీయకుండుటయే మర్యాదయని మన యిండ్ల నమ్మకము. అంతలో కరోనా వచ్చి, ఉన్న యొక్క సంజనడకయు మాన్పించినది. 2021 కడపట కుటుంబసమేతముగా మంగళగిరి పోయి, పానకాలస్వామి దర్శనమునకు మెట్లదారి పట్టితిమి. సగము మెట్లు ఎక్కకముందే నాకు కాళ్లు ఆడలేదు. ఒక మెట్టుమీద కూలబడితిని. పానకపుబిందె పట్టుకొన్న తొమ్మిదేండ్ల మనుమరాలు నన్ను చూచి, "తాతయ్యా, నీ బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగినది.

ఆ పిల్ల మాటలో నెంత శాస్త్రమున్నదో నాకు తరువాత తెలిసినది. సంగతి విని, అమెరికాలోనున్న నా రెండవ కుమారుడు మూడు సీసాల బిళ్లలు పంపెను. వాటిమీద "మైటోకాండ్రియాకు బలము" అని వ్రాసియున్నది. వాని నెలవెల మన వసతిగృహమున ఒక బాలుని నెలభోజనమునకు చాలును. మ్రింగకముందు ఆ మాటకు వ్యుత్పత్తి యేమని వెదకితిని. అది నా వృత్తిదోషము. 1898వ సంవత్సరమున కార్ల్ బెండా యను జర్మను పండితుడు రెండు గ్రీకుపదములు కూర్చి ఆ పేరు పెట్టెనట. మొదటి పదమునకు నూలుపోగు, మగ్గముమీది పడుగునూలు అని యర్థము. రెండవదానికి చిరుగింజ యని యర్థము. సూక్ష్మదర్శినిలో అవి కొన్ని పోగులవలెను, కొన్ని గింజలవలెను కనబడుటచే ఆ పేరు. అనగా నూలుగింజ! చదువగానే నాలోని నేతవాడు లేచి కూర్చుండెను. ప్రతి మనుష్యుని దేహమునందును మన కులవృత్తి పేర ఒక పదార్థమున్నదని యెవరికి తోచును?

మన దేహము కోట్లకొలది జీవకణములతో నేయబడిన వస్త్రము. ఇంచుమించు ప్రతి కణములోను ఈ నూలుగింజలు కలవు. పని యెక్కువగా చేయు కణమునందు ఎక్కువగా నుండును. ఎన్నడును విశ్రమింపని గుండెకండరమునందు, కణపరిమాణములో మూడవవంతు ఇవియే. పక్వమైన ఎఱ్ఱరక్తకణములందు మాత్రము ఒక్కటియు లేదు. మనము తిన్న అన్నమును పీల్చిన ప్రాణవాయువును కలిపి, కణము వాడుకొనదగిన శక్తిగా మార్చుట వీని పని. ఆ శక్తిని మోయు పదార్థమునకు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అని పేరు, ఏ.టి.పి. యని చాలింతము. ఇది దేహమున చెల్లు నాణెము. వ్రేలు కదల్చినను, ఱెప్ప వాల్చినను, ఈ సభలో కునుకు తీసినను ఈ నాణెమే ఖర్చగును.

ఈ నాణెమును కనుగొన్నవారిలో ఒకడు మన తెలుగువాడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో తప్పిన బాలుడు. మద్రాసు చేరి ఉత్తీర్ణుడై, వైద్యము చదివి, 1923లో అమెరికా వెళ్లెను. హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి కండరమునందలి భాస్వరమును శోధించుచు, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని లోకమునకు తెలిపెను. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ వేరుగా దీనినే కనుగొనెను. తప్పినబాలురను చూచి పెదవి విరిచిన ఉపాధ్యాయులలో నేనును ఒకడను గనుక, ఈ కథ చెప్పునప్పుడెల్ల నాకు కొంత సిగ్గు కలుగుచుండును.

దేహమునందు ఒక్కసారిగా నిలువయుండు ఏ.టి.పి. బహుస్వల్పము, గుప్పెడైనను కాదు. దినమంతయు ఖర్చగునది మాత్రము దాదాపు మన దేహభారమంత! దీని భావమేమి? అదే నాణెము చెల్లిపోవుచు, మరల మరల ముద్రింపబడుచుండవలెను. మూట కట్టి దాచుకొనుటకు వీలులేని ధనమిది. ఎప్పటి ఖర్చునకు అప్పుడే ముద్రింపవలెను.

ఆ ముద్రణ జరుగు తీరును విన్నచో మన స్త్రీలు నవ్వుదురు. నూలుగింజకు రెండు పొరలు కలవు. అన్నమునుండి వచ్చిన శక్తితో లోపలిపొరకు ఆవల ఉదజని కణికలు పోగుపడును. ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్లు. ఆ నీరు ఒక్క సన్నని ద్వారమున తిరిగి లోపలికి దూకును. ఈ సంగతిని 1961లో పీటర్ మిచెల్ అను ఆంగ్లేయుడు చెప్పగా పండితులు చాలమంది నమ్మలేదు. 1978లో ఆయనకే నోబెల్ బహుమానము వచ్చినది. ఆ ద్వారమునందు ఒక చక్రము కలదు. కణికలు దూకుచుండగా అది గిఱ్ఱున తిరుగును. ఒక్కొక్క చుట్టునకు మూడేసి ఏ.టి.పి.లు పుట్టును. దీనిని తేటపరచినందులకు పాల్ బోయర్, జాన్ వాకర్ అనువారు 1997లో నోబెల్ బహుమానమున భాగస్థులైరి. రాట్నము మన యిండ్లనుండి వెడలిపోయినదని విచారించుచుంటిమి. లెక్కకందనన్ని రాట్నములు మనలోపలనే తిరుగుచున్నవి.

ఇంకొక ముచ్చట. ఈ నూలుగింజలు మొదట మనవి కావు. నూటయేబది కోట్ల యేండ్లకు పూర్వమే ఒక సూక్ష్మజీవి వేరొక కణములో చొచ్చి, ఇల్లరికపుటల్లునివలె అక్కడనే నిలిచిపోయెనట. 1967లో లిన్ మార్గులిస్ అను విదుషీమణి దీనిని గట్టిగా వాదించెను. అందుచేతనే వానికి సొంతముగా 16,569 అక్షరముల చిన్న వంశలిపి కలదు. అది సాధారణముగా తల్లినుండియే బిడ్డలకు వచ్చును. తండ్రిది అండమునందే నశించును. సంఘమువారు మన కుటుంబముల గోత్రప్రవరలను పుస్తకముగా అచ్చువేయించుచున్నారు. మంచిదే. అందు మాతామహి తల్లి పేరు చెప్పగలవారు మనలో నెందరు? మనలో రాట్నము త్రిప్పు సత్తువ మాత్రము ఆమె వంశమునుండి వచ్చినది.

ఇచ్చట ఒక్కమాట చెప్పి ముందునకు పోయెదను. వైశ్వానరాగ్నియే మైటోకాండ్రియా యని, మన ఋషులు దీనిని ముందే యెరుగుదురని ఒక మిత్రుడు నాకు వ్రాసెను. నేను సంస్కృతము చదివినవాడను గనుకనే ఒప్పుకొనను. సూక్ష్మదర్శిని లేక కానరాని వస్తువును వారు చూచిరనుట వారిని గౌరవించుట కాదు. వారు చూచినది వేరు, మనుష్యుని నడవడి. బలముగలవాడు శీతకాలమునను వసంతమునను సగముశక్తితో వ్యాయామము చేయవలెననియు, తక్కినకాలములందు అంతకు తగ్గించవలెననియు అష్టాంగహృదయమున వాగ్భటుడు చెప్పెను. పొట్టలో రెండుపాళ్లు అన్నము, ఒకపాలు నీరు, నాల్గవది గాలికి విడువవలెననియు ఆయనదే మాట. అది చాలదా?

ఇక వార్ధకము. వయసు మీరినకొలది ఈ నూలుగింజలు సంఖ్యలోను పటుత్వములోను తగ్గుట కద్దు. వాని వంశలిపిలో తప్పులు పేరుకొనును. చెడినవానిని విఱిచి తీసివేయు ఏర్పాటు దేహమునకున్నది. కణము తన పాతసామానును తానే తినివేయు ఆ విధమును శోధించిన జపానుదేశీయుడు యోషినోరి ఓసుమి 2016లో నోబెల్ బహుమానము పొందెను. ముదిమిలో ఆ తీసివేత మందగించును. ఇంతవరకు ప్రకృతిధర్మము. కాని మనము ముదిమియని పేరు పెట్టుకొన్నదానిలో ముదిమి యెంత, కుర్చీ యెంత? నన్ను పట్టి కుదిపిన ప్రశ్న ఇది.

1966లో అమెరికాలోని డల్లాసు నగరమున వైద్యులు ఇరువదేండ్ల యువకుల నైదుగురను మూడువారములు మంచముదిగకుండ నుంచిరి. జబ్బేమియు లేదు, పరుండుట మాత్రమే. లేచిన పిదప కొలువగా, ప్రాణవాయువును దేహము వినియోగించుకొను గరిష్ఠశక్తి నాల్గవవంతునకు పైగా పడిపోయినది. ముప్పదియేండ్లు గడచిన పిమ్మట ఆ యైదుగురనే మరల పిలిచి కొలిచిరి. వారికిప్పుడు ఏబదేండ్లు, పొట్టలు పెరిగినవి. అయినను వారి శక్తి, ఇరువదవయేట మూడువారములు పరుండి లేచిననాటికంటె తక్కువగా లేదు. ముప్పదియేండ్ల కాలము చేయలేని చెరుపు మూడువారముల మంచము చేసినదన్నమాట. పిదప వారిచేత ఆఱునెలలు క్రమముగా నడక, పరుగు, సైకిలుత్రొక్కుట చేయించిరి. ముప్పదియేండ్లలో పోయిన శక్తి తిరిగి వచ్చినది. అది గుండె ఎక్కువ రక్తము పంపుటచేత కాదు. వచ్చిన రక్తమునుండి ప్రాణవాయువును ఎక్కువగా గ్రహించుకొనుటకు కండరములు నేర్చుకొనుటచేత.

ఎట్లు నేర్చును? 1967లో జాన్ హోలోజీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను పట్టాచక్రముపై వారములతరబడి దినదినము పరుగెత్తించి, వాని కండరములను పరీక్షించెను. అందు నూలుగింజల దహనశక్తి ఇంచుమించు రెట్టింపైనది. ఖర్చు పెరిగినదని తెలియగానే దేహము టంకశాలలను పెంచుకొనును. ఖర్చు లేనిచో మూసివేయును. దేహము మనకంటె గట్టి లెక్కలమనిషి. పడకకుర్చీలో కూర్చుండినవానికి అది ఒక్క రాట్నమునైనను అదనముగా నీయదు.

మాకు వయసు మించిపోయినదందురా? 1990లో బోస్టను వృద్ధాశ్రమమునందలి ఒక పరిశోధన ప్రకటింపబడినది. ఎనుబదియాఱుమొదలు తొంబదియాఱేండ్లవరకు గల బలహీనులచేత ఎనిమిదివారములు కాళ్లతో బరువులెత్తించిరి. మొదలిడిన పదుగురిలో తొమ్మండుగురు ముగించిరి. వారి కాలిబలము సగటున రెండున్నరరెట్లు దాటినది. మనలో తొంబదియేండ్లవారికి మనము చేయించుచున్న పని వివాహములందు అక్షతలు వేయించుట మాత్రమే.

అయినచో మన తాతలు పడిన కష్టమే గొప్పయని నేననుచున్నానని తలపవలదు. గుంటమగ్గమున దినమునకు పదునాలుగు గంటలు వంగి నేసిన నా తండ్రికి ఏబదియవయేటికే నడుము నిలువలేదు. అది వ్యాయామము కాదు, అరుగుట. చీరకొకమారు ఆసుపోయుటకు వేలసార్లు చేయి చాచిన తల్లి భుజమునొప్పిని చూడలేక చింతకింది మల్లేశముగారు లక్ష్మి ఆసుయంత్రము కల్పించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఒకే అవయవమును అరుగదీయు పనినుండి మనుష్యుని తప్పించుట పుణ్యము. తప్పించి కుర్చీలో కూర్చుండబెట్టుట మాత్రము పుణ్యము కాదు.

బిళ్లల సంగతి చెప్పవలసియున్నది. నూలుగింజలలో దహనము జరుగునపుడు కొన్ని తీక్ష్ణకణికలు పుట్టి చెరుపు చేయును గనుక, వానిని చల్లార్చు మందులు మ్రింగినచో ముసలితనము తగ్గునని ఒక యూహ కలదు. 2009లో జర్మనీలో యువకులచేత నాలుగువారములు వ్యాయామము చేయించి, కొందరికి సి, ఇ విటమినుల బిళ్లలు ఎక్కువమోతాదున ఇచ్చిరి. బిళ్లలు మ్రింగనివారిలో ఇన్సులినుకు దేహము చక్కగా లోబడుట హెచ్చినది. మ్రింగినవారిలో ఆ మేలు కానరాలేదు. ఆ కొద్దిపాటి తీక్ష్ణతయే, టంకశాలను పెంచుమని దేహమునకు పోవు కబురు. కబురునే ఆర్పివేసినచో పని యెట్లు జరుగును? పుట్టుకతో నూలుగింజలు చెడిన రోగులు కలరు. వారికి వైద్యులిచ్చు మందులు వేరు. సామాన్యునికి ఈ సీసాలు కుర్చీనుండి లేచు పనిని తప్పించగలవని నేను నమ్మను. మొదటి సీసా ముగించితిని. తక్కిన రెండును అట్లే యున్నవి. కుమారునికి ఇంకను చెప్పలేదు.

కాని నీరసమంతయు నడకలేమియే యనుకొనరాదు. నేను వైద్యునికడకు పోగా, మొదట రక్తము పరీక్షించి, రక్తహీనతయని, బి12 తక్కువయని తేల్చెను. ఇనుము లేనిది ఆ దహనపు గొలుసు నడువదు. నా బలహీనతలో కొంతపాలు అది. మన స్త్రీలలో నిట్లు రక్తము లేక, సోమరులని పేరు మోయువారు ఎందరో! వారిని నడువుడని గద్దించుటకు ముందు రక్తము పరీక్ష చేయింపుడు. ఛాతీనొప్పి, ఆయాసము కలవారు వైద్యుని అడుగక మొదలిడరాదు. చక్కెరజబ్బువారు మందులు మానరాదు.

ఆహారమును గూర్చి దీర్ఘముగా చెప్పను. గుట్టగా అన్నము, నాలుగుచుక్కల పప్పు అను మన విస్తరి తలక్రిందులు కావలెను. పప్పు, శనగ, గ్రుడ్డు, పెరుగు పెరుగవలెను. లేనిచో నడచినను కండ నిలువదు. చుట్టబీడీలవారికి మాత్రమొక్కటి. సైనైడు మనుష్యుని చంపునది ఈ నూలుగింజలలో ప్రాణవాయువు అందుకొను కడపటి మెట్టును అడ్డగించియే. ఆ విషమే స్వల్పముగా పొగాకుపొగలోను కలదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో చెప్పినది వారమునకు కనీసము 150 నిమిషముల చుఱుకైన నడక, రెండుదినములు కండరములకు బలము నిచ్చు పని, అఱువదియైదు దాటినవారికి తూలిపడకుండ నిలుకడనిచ్చు సాధన. నేను 2022 సంక్రాంతినుండి నడచుచున్నాను. కుర్చీలోనుండి చేతులానక పదిమారులు లేచి కూర్చుండుట ఉదయము, సాయంకాలము చేయుదును. పడుచువాడనైతినని చెప్పను. నిరుడు మంగళగిరి మెట్లెక్కితిని, రెండుచోట్ల కూర్చుంటిని, పానకపుబిందె నేనే మోసితిని.

ఇక నేను లేచిన అసలు పని. ఈ భవనము వెనుకనున్న స్థలము మీరెఱిగినదే. నా బాల్యమున తెల్లవారకముందే అచ్చట పడుగులు చాచెడివారు. కొయ్యలకు బిగించి, గంజి పట్టించి, ఇరువైపుల స్త్రీపురుషులు కుంచెలు చేతబట్టి, ఎండ ముదురకముందు ఈ కొననుండి ఆ కొనకు ఎన్నిమారులు నడచెడివారో! ముసలివారు కూడ పోగు తెగినచోట ముడివేయుచు వెంట నడచెడివారు. ఇప్పుడాస్థలమంతయు దుకాణములు కట్టి అద్దెకిచ్చుటకు భవననిర్మాణసంఘమువారు పటము గీయించిరి. వారి యుద్దేశము మంచిది. అద్దెలు విద్యార్థివేతనములకు పోవును. నేనును వేతనముమీద చదివినవాడనే గనుక దానికడ్డుపడను. నా మనవి యిది. వీథివైపు దుకాణములు కట్టుడు, మేడమీద మేడ కట్టుడు. వెనుకటి పడుగునేలను మాత్రము విడిచిపెట్టుడు. పొడవు నా యడుగులతో 120. పదిమారులు పోయివచ్చినచో ఇరువది నిమిషములకు పైగా పట్టును. రెండు దీపములు, పట్టుకొనుటకు ఒకవైపు కమ్మి, నాలుగు వేపచెట్లు చాలును. సాయంకాలము ఒక గంట స్త్రీలకే విడువవలెను. వీథిలో నడచినచో పదుగురు చూతురని మన యింటి పెద్దమ్మలు గడప దాటుట లేదు. ఖర్చునకు దాతలను క్రొత్తగా వెదుకనక్కరలేదు. ఏటేట మా వంటివారికి కప్పు శాలువలను ఒక్క యేడు మానినచో సరిపోవును. నాకు ఇదివరకే తొమ్మిది కలవు.

ఈ తీర్మానము రేపు ఉదయము చర్చకు వచ్చును. దానికి ముందు మీరొకమారు ఆ నేలను కంటచూడవలెనని నా కోరిక. ఈ సాయంకాలము ఐదుగంటలకు నేనచ్చటికి పోవుచున్నాను. రాదలచినవారు చెప్పులు తొడుగుకొని రావలెను. పల్లేరుకాయలు మెండుగా నున్నవి.